ఫార్మలిన్ లేని మూడు రోజులు

ఫిబ్రవరి 11, 2025

ప్రేమలత నడుము నొప్పి కుట్టు మిషన్ వల్ల కాదట. కరీంనగర్ డాక్టరు స్కాన్ ఫిలింను కిటికీకి ఎదురుగా పట్టుకుని మూడు వెన్నుపూసలు చూపించాడు. రొమ్ము తీసేసి రెండేళ్ల మూడు నెలలైంది. అయిపోయిందనుకున్నాం. వెన్నులోంచి సూదితో చిన్న ముక్క తీశారు. దాని పరీక్ష ఫలితం రావడానికి రెండు వారాలు పడుతుంది.

బస్టాండ్‌లో మిర్చి బజ్జీలు కావాలంది. నాలుగు తిన్నది. నేను ముట్టలేదు.

"రోగం నాకచ్చింది. మొకం మీరు పెట్టిండ్రు," అంది.

కాలేజీలో మిగిలిపోయిన జువాలజీ రికార్డు పుస్తకం ఒకటి తెచ్చుకున్నాను. కుడి పేజీకి గీతలుంటాయి, ఎడమ పేజీ బొమ్మ వేయడానికి తెల్లగా ఉంటుంది. ఇరవై ఏళ్లుగా పిల్లల రికార్డుల్లో ఎర్ర పెన్నుతో తప్పులు దిద్దుతున్నాను. దీన్ని ఎవరూ దిద్దరు. ఆ ధైర్యంతోనే మొదలుపెట్టాను.

ఫిబ్రవరి 24

ఫలితం వచ్చింది. ఈస్ట్రోజెన్ గ్రాహకం పాజిటివ్. స్కోరు ఎనిమిదికి ఎనిమిది. డాక్టరు సంతోషపడ్డాడు. హార్మోన్ మాత్ర పనిచేసే రకం అన్నాడు.

తర్వాత పాత ఫైలు తిరగేశాడు. మొదటి డాక్టరు హైదరాబాద్ వెళ్లిపోయాడు, ఈయన కొత్త. "ఇరవై రెండుల నెగెటివ్ అని ఉంది కదా. గందుకే కీమో ఒక్కటే ఇచ్చి ఆపిండ్రు," అన్నాడు. "ఒక్కోసారి రోగమే మారుతది. ఒక్కోసారి ముక్క చెడిపోయినా నెగెటివ్ చూపిస్తది. అప్పుడు ల్యాబ్‌కు ఎట్ల పంపిండ్రు?"

"నర్సింగ్ హోం వాళ్లే పంపారు సార్," అన్నాను.

"ఫార్మలిన్‌లనేనా?"

"అవును సార్."

ప్రేమలత నా పక్క కుర్చీలోనే ఉంది. చీర కొంగుకు అంటిన దారం పోగులు ఏరుకుంటోంది.

ఫిబ్రవరి 25

కోరుట్ల కాలేజీకి పోయి రెండు క్లాసులు చెప్పి వచ్చాను. ల్యాబ్‌లోకి వెళ్లలేదు.

మార్చి 2

మాత్ర మొదలైంది. చింతగింజలో సగం ఉంటుంది. అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ దొర్లించింది.

"గింత గోలి ఏం జేస్తది?"

అడిగింది ప్రేమలత కాబట్టి ఎడమ పేజీలో బొమ్మ వేసి చూపించాను. కుడి పేజీ చేత్తో కప్పి ఉంచాను. ఈస్ట్రోజెన్ రక్తంలో ఊరంతా తిరుగుతుంది, కానీ గ్రాహకం ఉన్న కణమే దాని మాట వింటుంది. ఆ గ్రాహకం ఒక ప్రోటీన్, కణం నడిబొడ్డున కేంద్రకంలో ఉంటుంది. దాని కడుపులో చిన్న జేబు. హార్మోన్ వచ్చి ఆ జేబులో కూర్చోగానే మూతలాంటి ముక్క ఒకటి మడతపడి మూసుకుంటుంది. అప్పుడు అలాంటివి రెండు జతకూడి డి.ఎన్.ఎ. మీద కూర్చుంటాయి. పెరగమని కణానికి హుకుం పోతుంది. క్యాన్సర్ కణం ఆ హుకుం మీదే బతుకుతుంది. మాత్ర ముందే వెళ్లి జేబులో కూర్చుంటే మూత సరిగ్గా పడదు, హుకుం పోదు.

"అంటే కుర్సీ ఖాళీ లేకుంట రుమాలు ఏసినట్టు," అంది. "బస్సుల."

పిల్లలకు మూడు పీరియడ్లు చెప్పినా ఇంత బాగా రాయరు. నవ్వాను. ఆమె నవ్వుతూనే అడిగింది.

"మరి గిదే గోలి అప్పుడెందుకు ఇయ్యలే?"

"అప్పుడు రిపోర్టుల రాలే."

"గా రిపోర్టు ఎవలు చేసిండ్రో ఏమో," అంటూ మాత్ర మింగింది.

మార్చి 16, బుగ్గారం

ఆదివారం కదా అని అమ్మ దగ్గరికి పోయాం. ప్రేమలత నేరుగా పొలం గట్టుకే నడిచింది. మా నాయిన దేవయ్య కల్లు గీయడానికి ఎక్కిన తాటిచెట్లు ఇంకా పదకొండు ఉన్నాయి. మూడో చెట్టు మొదట్లో రాయి. దాని మీద రెండు బంతిపూలు పెట్టి కాసేపు కూర్చుంది.

ఆపరేషన్ రోజు కోరుట్ల నర్సింగ్ హోంలో, కోసి తీసినదాన్ని డబ్బాలో వేసి నా చేతిలో పెట్టారు. తెల్లటి ప్లాస్టిక్ డబ్బా, మూత చుట్టూ ప్లాస్టర్. ఇంకా చేతిలో వెచ్చగానే ఉంది. అమ్మ అది చూసి నర్సింగ్ హోం మెట్ల మీదే కూలబడింది. "ఆడిమనిషి సగం పానం కొడుకా అది. ఎవలో కోసి చూసి చెత్తల పారేస్తరు. మన భూమిల పెడదాం," అని ఏడ్చింది. ఊళ్లో మిల్లులో చేతివేళ్లు తెగినవాళ్లకూ, కాలు తీసేసినవాళ్లకూ అలాగే చేస్తారు. డబ్బాను పసుపు గుడ్డలో చుట్టాం. పక్క పొలం సారయ్య గుంట తవ్వాడు. పొద్దు గూకకముందే పెట్టాం.

అమ్మ ఆ సంగతి మూడో రోజే ప్రేమలతకు చెప్పింది. అప్పటిదాకా గోడవైపు తిరిగి పడుకున్న మనిషి, విన్నాక లేచి కూర్చుని చాయ్ అడిగింది. తన అత్తమ్మ తనకోసం చేసిన పనుల్లో అదే పెద్దదని ఇప్పటికీ అంటుంది.

"ఈడ కూసుంటే నిండుగ అనిపిస్తది," అంది ఇవాళ. "పిల్లలు లేకపాయె. గీ భూమిల నాదంటూ గిదొక్కటి ఉన్నది."

నేను తాటిచెట్లు లెక్కపెట్టాను. పదకొండే.

ఏప్రిల్ 20, సిరిసిల్ల

నొప్పి తగ్గింది! సగానికి సగం. గ్రాహకాన్ని పట్టుకున్నాడు నా గోలిగాడు.

బామ్మర్ది శ్రీధర్ ఇంట్లో రెండు రోజులు ఉన్నాం. కింద మరమగ్గాల సాంచెలు ఆడుతుంటే పై అంతస్తు నేల వణుకుతుంది. ఆ చప్పుడులోనే ప్రేమలత బాగా నిద్రపోతుంది, పుట్టింటి అలవాటు. శ్రీధర్ సంచెడు వేస్టు నూలు ఇచ్చాడు. దానితో జాకెట్లకు ఎడమవైపు మెత్త కుడుతుంది. అంగట్లో దొరికేది చెమటకు ఒరుసుకుంటుందట. ఈసారి కుట్టింది కుడివైపుకన్నా కొంచెం పెద్దదైంది.

"తక్కువైతే అడుగుతరు. ఎక్కువైతే ఎవలడుగుతరు?" అని తమ్ముడి పెళ్లాంతో చెప్పి పడిపడి నవ్వింది.

ఆ నవ్వు చూసి నన్ను క్షమించినట్టు అనిపించింది. దేనికో రాయను.

మే 9

చెప్పనక్కర్లేదు. మాత్ర పనిచేస్తోంది. పనిచేస్తున్నప్పుడు పాతవి ఎందుకు?

జూన్ 5

కాలేజీ తెరిచారు. ల్యాబ్ సర్దాలి. అటెండరు లస్మయ్య సీసాలన్నీ వరసగా పెట్టి ఉంచాడు. కప్ప, వానపాము, నేను చేరకముందు నుంచీ ఉన్న నాగుపాము. ఏటా జూన్‌లో పాత ఫార్మలిన్ పారబోసి కొత్తది పోస్తాం. కప్‌బోర్డు తాళం నా దగ్గరే ఉంటుంది. కోరుట్లలో మా కాలేజీలో ఉన్నంత ఫార్మలిన్ ఇంకెక్కడా ఉండదు.

లస్మయ్య దగ్గుతూ ఒక మాట అన్నాడు. "పోయినేడు కప్పను తెల్లారి ఏద్దాంలే అని నీళ్లల్ల పెట్టిన సార్. పొద్దుగాల్ల సూస్తే మెత్తగైంది. గీ మందుల ఎంటనే ఏస్తెనే ఆగుతది. లేకుంటే లోపలిదంత కరిగిపోతది."

నేను బయటికొచ్చి చెట్టు కింద కూర్చున్నాను. ఫార్మలిన్‌కు కళ్లు మండాయని చెప్పాను.

ఇక రాస్తాను. నర్సింగ్ హోం నుంచి మా కాలేజీ ల్యాబ్ ఒక కిలోమీటరు కూడా ఉండదు. ఆపరేషన్ జరిగిన ఆ శుక్రవారం డబ్బా ఇస్తూ అక్కడి కాంపౌండరు చెప్పాడు. "గిది ఉత్త సెలైన్ సార్, ఫార్మలిన్ అయిపోయింది. ఇయ్యాల్నే కరీంనగర్ ల్యాబ్‌ల ఇయ్యుండ్రి." విన్నాను. తలూపాను. ఊపి, బైకు ముందు సంచిలో పెట్టుకుని బుగ్గారం పోయాను.

అమ్మ ఏడ్చింది నిజమే. అమ్మ మీద పెట్టడం సులువు. అమ్మకు సంతకం చేయడం కూడా రాదు. నేను గ్రాహకాల పాఠం చెప్పేవాణ్ని. నాకూ ఇవ్వబుద్ధి కాలేదు. బస్సులో ఒళ్లో పెట్టుకుని పోయి, కిటికీలోంచి ఒక కుర్రాడికిచ్చి, చీటీ మీద పేరు రాయించడం నా వల్ల కాలేదు. తీసేశారు, రోగం పోయింది, ఇంక దీన్ని చూసేదేముంది అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం డాక్టరు ఫోన్ చేశాడు. ల్యాబ్‌కు ముక్క చేరలేదట. అది లేకుండా వైద్యం ఎలా చేయాలి అని కేకలేశాడు. సోమవారం తెల్లవారుతుండగా నేనొక్కణ్నే బుగ్గారం పోయి తవ్వాను. పసుపు గుడ్డ విప్పి గుంటలోనే వేసి మట్టి కప్పాను. రాయి ఎలా ఉందో అలాగే పెట్టాను. కరీంనగర్ ల్యాబ్‌లో "ఇప్పుడే ఇచ్చిండ్రు" అని చెప్పాను. వాళ్లు మూత తీసి మొహం పక్కకు తిప్పుకున్నారు.

మూడు రోజులు. ఫార్మలిన్ చుక్క లేదు. గ్రాహకం ప్రోటీన్. పరీక్షలో అది ఉన్నచోట గోధుమ రంగు పట్టాలి. కరిగిపోయాక రంగు దేనికి పడుతుంది?

అమ్మకు తెలియదు. సారయ్యకు తెలియదు. మూడో రోజు అమ్మ ప్రేమలతకు ఆ సంగతి చెబుతున్నప్పుడు నేను ల్యాబ్ నుంచి తిరిగొస్తున్నాను. నేను వచ్చేసరికి ఆమె చాయ్ తాగుతోంది. ఆ చేతిలోంచి ఆ గ్లాసు ఎలా లాక్కోను?

జూన్ 6

నిన్నటిది మళ్లీ చదివాను. అంతా రాశాననుకున్నాను. రాయలేదు.

రిపోర్టుకు రెండో పేజీ ఉంది. ఇంగ్లిషులో రెండే వాక్యాలు. కణజాలం సరిగా నిల్వ కాలేదు కనుక గ్రాహకం ఫలితాన్ని నమ్మడానికి లేదు, మరో ముక్క మీద మళ్లీ పరీక్ష చేయించాలి అని. చంకలోంచి ముందుగా తీసి, మిగిలిన కాస్త ఫార్మలిన్‌లో వేసిన గడ్డలు నర్సింగ్ హోంలో ఇంకా ఉన్నాయేమో అడిగితే సరిపోయేది. అడిగితే ఎందుకు చెడిందని వాళ్లు నన్ను అడుగుతారు.

అప్పటి డాక్టరుకు మొదటి పేజీ ఒక్కటే ఇచ్చాను. రెండోది ఫార్మలిన్ కప్‌బోర్డులో పై అరలో ఉంది. అలాంటి వాక్యం ప్రతి రిపోర్టులోనూ రాస్తారేమో. కనుక్కోవాలి.

జూన్ 7

కనుక్కోలేదు.

జులై 13

ప్రేమలత బ్లౌజులు కుడుతోంది. శ్రావణంలో పెళ్లిళ్లున్నాయి. మధ్యలో ఆగి వీపు గోడకు ఆనించుకుంటుంది. అడిగితే మిషన్ ఎత్తు సరిగా లేదంటుంది. మిషన్ కింద ఇటుక పెట్టాను.

ఆగస్టు 19

కాలేయంలో.

ఆగస్టు 21

డాక్టరు ఈసారి నిలబడే మాట్లాడాడు. మాత్ర పనిచేయడం ఆగిపోయిందట. ఎందుకో నాకు వివరించబోయాడు, నేను పూర్తి చేశాను. గ్రాహకం తన ఆకారం మార్చుకుంది. హార్మోన్ లేకపోయినా మూత తనంతట తనే మూసుకుని ఉంటుంది. ఎవరూ చెప్పకపోయినా పెరగమని హుకుం పోతూనే ఉంటుంది. "మీకు బాగనే తెలుసే," అన్నాడు. తెలుసు. తెలియడం వల్ల నా చేతిలో ఎవరికీ మేలు జరగలేదు.

ఒకటే అడిగాను. "మొదట్లనే, ఇరవై రెండులనే మాత్ర ఇస్తే సార్?"

"ఇప్పుడెందుకది?"

"పాఠం కోసం."

"చానామందికి మళ్లీ రానే రాదు. కొందరికి ఇచ్చినా వస్తది. ఈమెకు ఏమయ్యేదో ఎవరు చెప్తరు?" అన్నాడు. కొందరికి ఇచ్చినా వస్తుందట. ఆ ముక్క ఒక్కటి పట్టుకుని జగిత్యాల దాకా వచ్చాను. మా వీధి మలుపులో అది కూడా జారిపోయింది. చానామందికి రానే రాదు.

సెప్టెంబర్ 3

కీమో మొదలుపెట్టి ఆపేశారు. ఒళ్లు తట్టుకోలేదు. కళ్లు పచ్చబడ్డాయి. అమ్మ వచ్చి మా దగ్గరే ఉంటోంది. జొన్న గటక కాచి, చెంచాతో పెడుతుంది. ఆమె రెండు చెంచాలు తిని, మూడోది అత్తమ్మనే తినమంటుంది.

సెప్టెంబర్ 16

క్లాసులో గ్రాహకాల పాఠం. బొమ్మ వేశాను. ముందు బెంచీ అమ్మాయి అడిగింది. "సార్, మన శరీరంల నుంచి బయటికి తీసినంక కూడా గ్రాహకం ఉంటదా?"

"కొంతసేపు," అన్నాను.

"ఎంతసేపు సార్?"

బెల్లు ఇంకా కొట్టలేదు. నేనే బయటికి వచ్చేశాను.

అక్టోబర్ 5

చెప్పాలని కూర్చున్నాను. అమ్మ స్నానానికి పోయింది. ఇంట్లో మేమిద్దరమే. వేసవి నుంచి ఈ మాటలు కూర్చుకున్నాను. తిడితే తిట్టనీ, ఉమ్మితే ఉమ్మనీ. తెలుసుకోకుండా పోవడం ఆమెకు అన్యాయం అని నిన్నంతా నాకు నేనే చెప్పుకున్నాను.

"ప్రేమలతా, ఆ డబ్బా సంగతి..."

"నేనూ గదే చెప్దామనుకుంటున్న," అంది. గొంతు బాగా సన్నబడింది. నా చెయ్యి పట్టుకుంది. "ఇగో వినుండ్రి. నన్ను కాలవెట్టకుండ్రి. మీ తాటిచెట్ల కాడ పెట్టుండ్రి. దాని పక్కకే. సగం ఆడ, సగం ఈడ నాకద్దు. కాల్తే మల్ల కలవదు."

నా నోట్లో మాట అలాగే ఉంది. బయటికి తీస్తే ఆమెకు ఆ సగం కూడా పోతుంది. లోపల ఉంచుకుంటే... లోపలే ఉంచుకున్నాను.

"మీరేదో అనవట్టిరి?"

"గదే," అన్నాను. "నేనూ గదే అడుగుదామనుకున్న."

"సూశిండ్రా, మీకు నా మనసు ఎర్కే," అంది. నా చెయ్యి వదల్లేదు. కాసేపటికి నిద్రపోయింది.

ఆమె కోసమే చెప్పలేదు.

అక్టోబర్ 6

ఆమె కోసం కాదు. నా చెయ్యి వదిలేస్తుందని భయం.

అక్టోబర్ 29

శ్రీధర్ సిరిసిల్ల నుంచి వచ్చాడు. అక్క కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాడు. బయటికొచ్చి నా భుజం పట్టుకున్నాడు. "నువ్వు చెయ్యనిది లేదు బావా. మా అక్క అదృష్టం," అన్నాడు.

నవంబర్ 4

కాలేజీకి పోయి కప్‌బోర్డు తెరిచాను. రెండో పేజీ ఉంది. ఫార్మలిన్ ఆవిరికి కాగితం పచ్చబడింది కానీ అక్షరం చెదరలేదు. జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. ఆమె మెలకువగానే ఉంది, కానీ నన్ను వాళ్ల నాయిన అనుకుంటోంది. సాంచె ఆపమని బతిమాలింది. ఆపానని చెప్పాను.

ఇంక చెప్పడానికి మనిషి లేదు. ఈ పుస్తకం ఒక్కటే ఉంది.

నవంబర్ 12

పొద్దున ఏడున్నరకు.

నవంబర్ 14, బుగ్గారం

నిన్న జరిగింది రాయాలి. ఇదే చివరి పేజీ కాబట్టి రాస్తాను.

కాల్చకుండా పూడ్చడం ఏమిటని కులపెద్దలు కొందరు గొణిగారు. అమ్మ వాళ్ల మీద లేచింది. "నా కోడలు నోరు తెరిచి అడిగింది గదొక్కటే. ఎవలద్దంటరో ముందుకు రాండ్రి," అంది. ఎవరూ రాలేదు.

సారయ్య గడ్డపార పట్టుకుని మూడో తాటిచెట్టు దగ్గర నిలబడ్డాడు. మూడేళ్ల కింద చిన్న గుంట తవ్వింది అతనే. రాయి పక్కకు పెట్టి, ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియక అమ్మ వైపు చూశాడు. అమ్మ గట్టు మీద నుంచి దిగి వచ్చి, కర్రతో మట్టి మీద చిన్న గీత గీసింది.

"గీడ ఉన్నది కొడుకా. దీనికి జానెడు ఇవుతల తవ్వు. గడ్డపార తగిలితే డబ్బా పలుగుతది. పిల్లకు ఒకసారి కోసిన నొప్పి చాలు."

"నాకెర్కలేదా పెద్దమ్మా," అన్నాడు సారయ్య. తువ్వాల తలకు చుట్టుకుని, గడ్డపార పక్కన పెట్టి, గీత వైపున్న మట్టిని చేతులతో తీయడం మొదలుపెట్టాడు. శ్రీధర్ కూడా దిగాడు. సిరిసిల్ల నుంచి వచ్చిన ఇద్దరు మగ్గం పనివాళ్లు దిగారు. నలుగురూ మోకాళ్ల మీద కూర్చుని, పసిపిల్ల పక్కన నడిచినంత మెల్లగా, ఆ జానెడు మట్టిని చెదరకుండా కాపాడుతూ తవ్వారు. గంట పని మూడు గంటలు పట్టింది. ఎవరూ విసుక్కోలేదు.

ప్రేమలతను గుంట పక్కనే చాప మీద పడుకోబెట్టారు. పెద్దదైన ఆ మెత్త ఉన్న జాకెటే అమ్మ తొడిగించింది. రెండో పేజీ మడిచి నా చొక్కా జేబులో ఉంది. ఆమెతో పాటు లోపల పెడదామనుకున్నాను. అందరూ చూస్తుంటే చెయ్యి జేబు దాకా కూడా పోలేదు. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

సారయ్య చివరి మట్టి తీస్తుంటే గీత వైపు అంచు దగ్గర కొంచెం మట్టి రాలింది. శ్రీధర్ ఉలిక్కిపడి రెండు అరచేతులతో దాన్ని ఒత్తి పట్టుకున్నాడు. అమ్మ నన్ను చూసింది. ఇంటి మగవాణ్ని కదా, ఏదో ఒకటి అనాలి. అందరూ నా వైపే చూస్తున్నారు.

"పైలం సారయ్యా," అన్నాను. "డబ్బాకు తగుల్తది."